గల్ఫ్ కార్మికుల గోడు జెనీవాకు ఒక్క గొంతుతో చేరాలి
జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులు జస్టిస్ వి. రామసుబ్రమణియన్ గారికి,



మీరు సుప్రీంకోర్టుకు వెళ్ళకముందు హైదరాబాద్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటూ బతుకుదారులు లెక్కపెట్టుకునే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కువైట్ జీతాల మీద ఇళ్ళు నిలబెట్టుకున్న రాజంపేట, రాయచోటి, కోనసీమ ఊళ్ళ సంగతీ మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊళ్ళను మనసులో పెట్టుకునే ఈ లేఖ రాస్తున్నాను.

నా విన్నపం ఒక్కటే. గల్ఫ్‌లో మనవాళ్ళకు జరిగే అన్యాయాన్ని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల వ్యవస్థల ముందు పెట్టే పని ఒక్క భారతదేశపు సంఘాల వల్ల అయ్యేది కాదు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ దేశాల కార్మిక సంఘాలు, పౌర సంఘాలు మన సంఘాలతో కలిస్తేనే అది నెరవేరుతుంది. ఆ కలయికకు మీ కమిషన్ పూనుకోవాలి.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనం తగలబడింది. 45 మంది భారతీయుల భౌతికకాయాలను వాయుసేన విమానం కొచ్చికి తెచ్చింది. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. చనిపోయినవాళ్ళలో ఫిలిప్పీన్స్ కార్మికులూ ఉన్నారు. బతికుండగా వాళ్ళందరిదీ ఒకే కప్పు కింద కాపురం, ఒకే ఇరుకు. చనిపోయాక మాత్రం ఏ దేశం శవాలు ఆ దేశానికి, ఏ దేశం పరిహారం ఆ దేశం లెక్కలోకి వెళ్ళిపోయాయి. అంతమందిని ఒకే భవనంలో కుక్కిన పద్ధతి గురించి కార్మికులను పంపిన దేశాలన్నీ కలిసి అడగాల్సిన ప్రశ్న ఎవరి పద్దులోనూ లేకుండా పోయింది.

ఈ జీవితాలు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకున్నాయో సిరిసిల్లకు బాగా తెలుసు. దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతపు కార్మికులకు జైలుశిక్ష పడింది. అక్కడి చట్టం ప్రకారం ఆ మృతుడి కుటుంబం క్షమిస్తేనే దారి దొరుకుతుంది. అందుకే సిరిసిల్ల ఎమ్మెల్యే కె.టి. రామారావు నేపాల్ వెళ్ళి ఆ కుటుంబాన్ని కలిశారు. దాదాపు 18 ఏళ్ళ జైలు తర్వాత 2024 ఫిబ్రవరిలో వాళ్ళు ఇల్లు చేరారు. తెలంగాణ కార్మికుడి విడుదల దారి నేపాల్‌లో ఒక పేద ఇంటి గడప మీదుగా సాగింది. రెండు దేశాల సంఘాలకూ ముందునుంచే మాటలుంటే, రెండు మానవ హక్కుల కమిషన్ల మధ్య ఒక ఏర్పాటు ఉంటే, అటు బాధిత కుటుంబానికీ ఇటు జైల్లో ఉన్నవాళ్ళకూ అంతకాలం పట్టేదా?

మనలో మనకు పొత్తు లేకపోవడం యజమానులకు లాభం. 2015లో నేపాల్ ప్రభుత్వం ఆరు గల్ఫ్ దేశాలకూ మలేషియాకూ వెళ్ళే కార్మికుల వీసా ఖర్చు, టికెట్ ఖర్చు యజమానులే భరించాలని నిర్ణయించింది. అదే ఏడాది ఇండోనేషియా పశ్చిమాసియాకు ఇంటిపనివాళ్ళను పంపడం ఆపేసింది. ఇలా ఒక దేశం షరతు పెట్టిన ప్రతిసారీ నియామకాలు చేసేవాళ్ళు షరతులు లేని మరో దేశం వైపు, చివరికి తూర్పు ఆఫ్రికా వైపు మళ్ళారు. 2018 మేలో ఫిలిప్పీన్స్ కువైట్‌తో ఒప్పందం చేసుకుంది. తమ కార్మికురాలి పాస్‌పోర్టు యజమాని చేతికి పోకూడదనీ, ఫోను ఆమె దగ్గరే ఉండాలనీ రాయించుకుంది. మంచి పనే. కానీ అది ఫిలిప్పీన్స్ వాళ్ళకే వర్తిస్తుంది. అదే వీధిలో ఖద్దామాగా, అంటే ఇంటిపనిమనిషిగా, చేరిన కోనసీమ మహిళకు ఆ ఒప్పందం అండగా ఉండదు.

మన ప్రభుత్వం కూడా ఈ పోటీకి లొంగింది. 2020 సెప్టెంబరులో విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలకు వెళ్ళే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. జీతం ఎక్కువైతే ఉద్యోగాలు పొరుగు దేశాల వాళ్ళకు పోతాయన్న భయమే దీనికి కారణం. దాని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021లో ఆ తగ్గింపు సర్క్యులర్లను వెనక్కి తీసుకున్నారు. ఆ వ్యాజ్యం వేసినవాళ్ళకు గల్ఫ్ పల్లెలు రుణపడి ఉన్నాయి. అయితే భయం అలాగే ఉంది. ఖాట్మండు, ఢాకా, కొలంబో సంఘాలు మనతో కలిసి ఒకే కనీస వేతనం కోసం నిలబడిననాడే అది పోతుంది.

కలిసి అడగాలంటే అడిగే చోటు కావాలి. పంపే దేశాలకూ తీసుకునే దేశాలకూ కలిపి ఒక ప్రాంతీయ మానవ హక్కుల న్యాయస్థానం లేదు. సార్క్‌లో అలాంటి వ్యవస్థే లేదు. కొలంబో ప్రాసెస్, అబుదాబీ డైలాగ్ వంటివి ప్రభుత్వాలు మాట్లాడుకునే వేదికలు. బాధితుడు తలుపు తట్టే చోటు అక్కడ లేదు. ఇక మిగిలింది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల వ్యవస్థలున్న జెనీవా.

అక్కడున్న దారులు మన పల్లెల్లో చాలామందికి తెలియవు కాబట్టి, పాఠకుల కోసం కూడా నాలుగు మాటలు చెబుతాను. సౌదీ అరేబియా, యుఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ జాతి వివక్ష నిర్మూలన ఒప్పందంలోనూ, మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందంలోనూ చేరాయి. కొన్నేళ్ళకోసారి ఆ ప్రభుత్వాలు నిపుణుల కమిటీల ముందు కూర్చుని జవాబు చెప్పాలి. ప్రభుత్వ నివేదిక పక్కనే ప్రజాసంఘాలు తమ ప్రత్యామ్నాయ నివేదికలు పెట్టవచ్చు. వలస మహిళా కార్మికుల విషయంలో ప్రభుత్వాల బాధ్యతలేమిటో మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీ 2008లోనే తన 26వ సాధారణ సిఫారసులో వివరంగా చెప్పింది. కువైట్‌లో ఇంటి తలుపుల వెనక జీతం లేకుండా పనిచేస్తున్న మహిళ గురించి అడగడానికి కావలసిన ఆధారం ఆ పత్రంలో ఉంది.

మానవ హక్కుల మండలిలో ప్రతి దేశాన్నీ నాలుగైదేళ్ళకోసారి మిగతా దేశాలన్నీ కలిసి సమీక్షిస్తాయి. దానికి సంఘాలు ముందే లిఖితపూర్వక సమాచారం ఇవ్వవచ్చు. ఒక్క సంఘం పంపితే 2,815 పదాలకు మించకూడదు. కొన్ని సంఘాలు కలిసి పంపితే 5,630 పదాల దాకా అనుమతిస్తారు. కలిసి రాసినవాళ్ళకు రెట్టింపు చోటివ్వడం ఆ వ్యవస్థ నియమం. జగిత్యాల సంఘం, ఖాట్మండు సంఘం, ఢాకా సంఘం విడివిడిగా మూడు చిన్న పత్రాలు పంపితే మూడు దేశాల మూడు ఫిర్యాదులుగా కనిపిస్తాయి. కలిసి ఒకటే పంపితే ఒక పద్ధతి మీద సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రత్యేక ప్రతినిధుల దారి ఇంకా దగ్గరిది. వలస కార్మికుల హక్కుల మీద ఒకరు, ఆధునిక బానిసత్వం మీద ఒకరు, జాత్యహంకారం మీద ఒకరు స్వతంత్ర నిపుణులున్నారు. వీరికి రాయడానికి ఆ దేశం ఏ ఒప్పందంలో చేరిందన్నది అడ్డు కాదు. స్థానిక కోర్టులన్నీ తిరిగి రావాలన్న నియమమూ లేదు. ఆరోపణ నిలిచేదనిపిస్తే వాళ్ళు ఆ ప్రభుత్వానికి ఉత్తరం రాస్తారు. సాధారణంగా 60 రోజుల తర్వాత ఆ ఉత్తరాన్నీ, జవాబు వస్తే దాన్నీ బయటపెడతారు. అకామా (నివాస అనుమతి) గడువు తీరి, కఫీల్ (పూచీ ఉన్న యజమాని) పట్టించుకోక, ఖల్లివల్లి (పత్రాలు లేనివాడు) అయిపోయి దాక్కున్న కార్మికుడికి అక్కడి కోర్టు మెట్లు ఎక్కే వీలుండదు. అతని తరఫున ఊళ్ళో ఉన్న సంఘం ఉత్తరం రాయగలదు.

వీటివల్ల ఒరిగేదేమిటని చాలామంది అడుగుతారు. ఖతార్‌లో జరిగింది చూడండి. వలస కార్మికుల హక్కుల ప్రత్యేక ప్రతినిధి ఫ్రాన్స్వా క్రెపో 2013 నవంబరులో ఆ దేశం వెళ్ళారు. కార్మికుణ్ణి యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిని రద్దు చేయాలని తన నివేదికలో చెప్పారు. 2014 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సమావేశంలో కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. మూడేళ్ళకు పైగా ఆ ఫిర్యాదు తల మీద వేలాడింది. 2017 నవంబరులో ఖతార్ సంస్కరణలకు ఒప్పుకున్నాకే దాన్ని ముగించారు. 2018లో దోహాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ కార్యాలయం తెరుచుకుంది. చాలామంది కార్మికులకు దేశం వదలడానికి ఎగ్జిట్ పర్మిట్ అక్కర్లేకుండా పోయింది. 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలైంది. అది అక్కడున్న ఏ దేశపు కార్మికుడికైనా ఒకటే.

ఖతార్‌లో బాధలన్నీ తీరాయని నేననడం లేదు. చట్టం మారినా జీతం ఎగ్గొట్టే కంపెనీలున్నాయి. చనిపోయినవాళ్ళకు సహజ మరణమని రాసి చేతులు దులుపుకోవడం ఆగలేదు. కానీ ఎండలో పనిచేసిన నేపాలీ, బంగ్లాదేశీ, తెలుగు కార్మికుల సాక్ష్యాలను అనేక దేశాల సంఘాలు ఏళ్ళ తరబడి సేకరించి, అంతర్జాతీయ వ్యవస్థల ముందు పెట్టకపోతే ఈ మార్పు ఇంత తొందరగా వచ్చేది కాదు.

ఇలాంటి పొత్తుకు పునాదులు ఉన్నాయి. మైగ్రెంట్ ఫోరం ఇన్ ఆసియా 1990ల నుంచి ఆసియా దేశాల సంఘాలను ఒక గొడుగు కిందికి తెస్తోంది. కోవిడ్ కాలంలో లక్షలమంది జీతం బకాయిలు, సర్వీసు సొమ్ము వదులుకుని విమానాలెక్కారు. అప్పుడు ఈ ఫోరం, దక్షిణాసియా కార్మిక సంఘాలు, న్యాయవాదుల బృందాలు కలిసి 2020 జూన్‌లో జీతాల దోపిడీ మీద ఉమ్మడి ప్రచారం మొదలుపెట్టాయి. మన ప్రభుత్వం విమానాలు నడిపి మనుషుల్ని తెచ్చింది, అందుకు కృతజ్ఞతలు. ఎవరికి ఎంత రావాలో విమానం ఎక్కకముందు రాసుకునే ఏర్పాటు మాత్రం చేయలేదు. ఆ బకాయిలు ఈనాటికీ మన పల్లెల్లో అప్పులుగా మిగిలి ఉన్నాయి.

దేశం పరువు బయట పెట్టుకోవడం ఎందుకని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళకు మన చరిత్రనే గుర్తు చేయాలి. 1946లో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద సాగుతున్న వివక్షను ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో లేవనెత్తింది భారతదేశమే. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని బృందం ఆ వాదన వినిపించింది. అది మా ఆంతరంగిక విషయమని దక్షిణాఫ్రికా అడ్డుపడింది. అయినా ఇతర దేశాల మద్దతుతో ఆ ఏడాది డిసెంబరు 8న తీర్మానం నెగ్గింది. ఆనాడు మనం ఎవరికోసం నిలబడ్డాం? 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు కూలికి పోయినవాళ్ళ పిల్లల కోసం. వాళ్ళలో తెలుగువాళ్ళు వేలమంది. పరాయి దేశంలో పనిచేసే మన కూలీల గౌరవం ప్రపంచం పట్టించుకోవాల్సిన విషయమని చెప్పిన తొలి దేశాల్లో మనది ఒకటి. ఆ వాదననే ఈనాటి కూలీల కోసం చేయమని అడుగుతున్నాం.

అధ్యక్షులవారూ, ఇందులో మీ కమిషన్ పాత్ర ఏమిటో 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టమే చెబుతోంది. అంతర్జాతీయ ఒప్పందాలను అధ్యయనం చేసి వాటి అమలుకు సిఫారసులు చేయడం, మానవ హక్కుల రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల కృషిని ప్రోత్సహించడం 12వ సెక్షన్ మీకు అప్పగించిన విధులు. జాతీయ కమిషన్ల అంతర్జాతీయ సమాఖ్య 2023లోనూ 2024లోనూ మీ కమిషన్ గుర్తింపు పునరుద్ధరణను వాయిదా వేసింది. ప్రజాసంఘాలతో కలిసి పనిచేయడం చాలడం లేదన్నది అప్పుడు చూపిన లోపాల్లో ఒకటి. మీ కమిషన్ మాటకు జెనీవాలో బలం ఉండాలని కోరుకునేవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ బలం మాకు అవసరం. అందుకే నాలుగు పనులు అడుగుతున్నాను.

మొదటిది, పొరుగు దేశాల కమిషన్లతో ఒక ఉమ్మడి బల్ల. నేపాల్ మానవ హక్కుల కమిషన్ 2015లోనే ఖతార్ కమిషన్‌తో అవగాహన ఒప్పందం చేసుకుంది. మనం నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక కమిషన్లతో కూర్చుని, గల్ఫ్‌లో ఉన్న కమిషన్లతో కలిసి మాట్లాడవచ్చు. జైలు, మరణం, జీతం బకాయి కేసుల్లో సమాచారం ఎవరు ఎవరికి ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాసుకోవచ్చు. ఆ బల్ల దగ్గర ప్రజాసంఘాలకు ప్రేక్షకుల వరుసలో కాకుండా సభ్యులుగా చోటివ్వాలి.

రెండోది, గల్ఫ్ దేశాల సమీక్షలకు ఉమ్మడి తయారీ. ఏ దేశం ఎప్పుడు ఏ కమిటీ ముందుకు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆ క్యాలెండర్ తెలుగులో, హిందీలో, మలయాళంలో, తమిళంలో ఊళ్ళకు చేరాలి. జగిత్యాలలోనో రాజంపేటలోనో ఒక శిక్షణ పెట్టండి. వీసా కాపీ, ఒప్పంద పత్రం, ఏజెంటుకిచ్చిన డబ్బు వివరం, ఆగిన జీతం, వైద్య పత్రం ఎలా భద్రపరచాలో నేర్పండి. విజిట్ వీసా మీద వెళ్ళి మోసపోయిన మహిళల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ప్రభుత్వ సంస్థల ద్వారానే ఇంటిపనికి వెళ్ళాలన్న నియమం వాళ్ళను కాపాడడానికే పెట్టారు. దాన్ని తప్పించుకునే ఏజెంట్ల వల్ల వాళ్ళు ఏ రికార్డులోనూ లేకుండా పోతున్నారు. వాళ్ళ పేర్లు బయటపడకుండా సాక్ష్యం తీసుకునే పద్ధతి అన్ని దేశాల సంఘాలకూ ఒకటే ఉండాలి.

మూడోది, మన ప్రభుత్వానికి సిఫారసు. వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరు 18న ఆమోదించింది. ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్, ఇండోనేషియా అందులో చేరాయి. గల్ఫ్‌లోనే దాదాపు 90 లక్షలమంది మనవాళ్ళున్నా భారతదేశం చేరలేదు. ఇంటిపనివారి హక్కులపై 2011లో వచ్చిన ఐఎల్‌ఓ 189వ ఒప్పందాన్నీ మనం ఆమోదించలేదు. మన ఇళ్ళల్లో పనిచేసే మనిషి హక్కు మనం ఒప్పుకోకుండా, కువైట్ ఇళ్ళల్లో మన మనిషి హక్కు గురించి గట్టిగా అడగలేం. ఈ రెండింటిలో చేరమని కమిషన్ బహిరంగంగా సిఫారసు చేయాలి.

నాలుగోది, మాట్లాడేవాళ్ళకు రక్షణ. 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పెద్ద సంఘం ఢిల్లీలో, చిన్న సంఘం కోరుట్లలో ఉన్నప్పుడు వాళ్ళు కలిసి చేసే పనికి ఈ నియమం గట్టి అడ్డంకి. ఐక్యరాజ్యసమితితో సహకరించినందుకు వేధింపులకు గురైనవాళ్ళ మీద సెక్రటరీ జనరల్ ఏటా ఇచ్చే నివేదికలో మన దేశం పేరు పలుమార్లు వచ్చింది. ఈ భయం ఉన్నంతకాలం ఊరి సంఘం జెనీవాకు ఉత్తరం రాయదు. హక్కుల కార్యకర్తల కోసం మీ కమిషన్‌లో ప్రత్యేక విభాగం ఉంది. వలస కార్మికుల తరఫున అంతర్జాతీయ వ్యవస్థలకు రాసినవాళ్ళ మీద ఈగ వాలనివ్వబోమని ఆ విభాగం నుంచి ఒక్క ప్రకటన వస్తే చాలామందికి ధైర్యం వస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది ఆ ఇళ్ళకు ఆసరా. కానీ సాయం మరణం తర్వాత వస్తుంది. బతికున్నవాడికి జీతం, పాస్‌పోర్టు, తిరిగొచ్చే స్వేచ్ఛ ఇప్పించే దారి మరొకటి ఉండాలి. ఆ దారి హైదరాబాద్ ఒక్కటే వేయలేదు, అమరావతి ఒక్కటే వేయలేదు, ఢిల్లీ కూడా ఒంటరిగా ఇంతవరకు వేయలేకపోయింది.

సంఘాల వంతు బాధ్యతా తక్కువేం కాదు. ఎవరి జెండా ముందు ఉండాలన్న పట్టింపు మానాలి. నేపాలీ కార్మికుడి కేసు మన పద్దులోకి రాదనుకోవడం మానాలి. పాకిస్తాన్ కార్మికుడి పేరు పక్కన మన కార్మికుడి పేరు రాయడానికి జంకకూడదు. వాళ్ళిద్దరూ ఒకే క్యాంపులో, ఒకే వంటగదిలో వండుకు తింటున్నవాళ్ళే. ఢిల్లీలో కలవడానికి వీసాలు అడ్డమైతే ఖాట్మండులోనో కొలంబోలోనో కలవవచ్చు.

ముందుగా ఒక్క సమావేశం పిలవండి. నాలుగు దేశాల కమిషన్లు, గల్ఫ్ పల్లెల సంఘాలు, తిరిగొచ్చిన కార్మికులు, ముఖ్యంగా మహిళలు అందులో ఉండాలి. ఒక గల్ఫ్ దేశాన్ని ఎంచుకుని, దాని రాబోయే సమీక్షకు ఒక ఉమ్మడి పత్రం రాసే నిర్ణయంతో ఆ సమావేశం ముగియాలి. సాక్ష్యాలు సేకరించి తెచ్చే పని ఊళ్ళ సంఘాలది. వాటికి అంతర్జాతీయ గౌరవం దక్కించే పని మీది. ఈ బాధ్యత మీరు తీసుకుంటారని, త్వరలోనే పిలుపు వస్తుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
గల్ఫ్ కార్మిక కుటుంబాల మేలు కోరే
ఒక తెలుగు రచయిత